పెద్దక్క ఎక్కిన కారు

బత్తలపల్లెలో ద్వారబంధాల మద్దిలేటి అంటే తెలియని ఇల్లు లేదు. పాత మిద్దెల్లో సగానికి గడప దిగింది అతని చేతి మీదే. మనిషి అరవైకి దగ్గరపడ్డాడు. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. ఇప్పుడు ఊళ్లో కట్టె ద్వారబంధం చేయించేవాళ్లు లేరు. ధర్మవరం నుంచి ఆటోలో ఇనుపవి వస్తున్నాయి. పొద్దున దించితే సాయంత్రానికి తలుపేసుకుని పడుకోవచ్చు. అయినా మద్దిలేటి తెల్లారగానే పంచలో రంపం, చిత్రిక, ఉలి పరుచుకుని కూర్చుంటాడు. చేయడానికి పని లేకపోతే ఇంట్లో ఉన్న పీటకే ఇంకోసారి చిత్రిక పడతాడు. ఆ ఇంట్లో పీటలు అంత పలచగా ఉండటానికి కారణం అదే.

అతనికి ఒక అత్త ఉంది. అత్త ఎవరికి ఉండదు, అందులో వింతేముంది అంటారా? వింత ఉంది. ఈ అత్త పేరు పెద్దక్క. కూతురు అంజనమ్మను మద్దిలేటికి ఇచ్చి పెళ్లి చేసిన నాటి నుంచి ఈమె అల్లుడితో ఒక్క మాట మాట్లాడలేదు. కోపం వచ్చి కాదు, మర్యాదకొద్దీ. అల్లుడికి అత్త ఎదురుపడకూడదు, పేరు పెట్టి పిలవకూడదు, నేరుగా మాట ఆడకూడదు. పెద్దక్క పుట్టిన తనకల్లు ఇంట్లో అదీ పద్ధతి. ఈ కాలంలో అత్తలూ అల్లుళ్లూ ఒకే మోటారుసైకిలు మీద సంతకు పోతున్నారు కదా అని ఎవరైనా అంటే, "పోనీ. పడితే ఇద్దరికీ దెబ్బలు తగుల్తాయి" అని ఊరుకునేది. "నా తమ్మునికే ఇచ్చింటే చెవి మెలిపెట్టి మాట్లాడేదాన్ని. పరాయి సంబంధమాయె" అనేది. మొగుడు పోయాక కూతురింటికి వచ్చి చేరింది గాని, ఆ మర్యాదను కూడా మూటగట్టి వెంట తెచ్చుకుంది.

మాట్లాడదు అన్నాను గాని, నోరు లేదనుకునేరు. అయ్యో రామా! వంటింటి వాకిలి వెనక పీటేసుకుని కూర్చుని, పంచలో అల్లుడు చేసే ప్రతి పనికీ వంక పెట్టేది. కాకపోతే కూతురి మీదుగా పెట్టేది. "అంజనమ్మా, ఆ తలుపుచెక్క వంకర పోయిందని ఆయప్పకు చెప్పు." మధ్యలో ఉన్నది ఒక్క గోడ. పెద్దక్క గొంతు నాలుగు గోడలు దాటే గొంతు. మద్దిలేటికి అక్షరం పొల్లుపోకుండా వినపడేది. కానీ విన్నా విననట్టు ఉండాలి, అదీ మర్యాదే. అంజనమ్మ వచ్చి, "తలుపు వంకర పోయిందంట" అన్నాకే తలెత్తి, "సరి చేస్తాలే అని చెప్పు" అనేవాడు. ఆ మాట పెద్దక్కకూ వినపడేది. ఆమె కూడా అంజనమ్మ తిరిగొచ్చి చెప్పేదాకా విననట్టే కూర్చునేది. ఇలా ఆ ఇంట్లో ప్రతి మాటా నాలుగుసార్లు పుట్టేది.

పెద్దక్కకు ఈ లోకంలో ఒకే ఒక గొప్ప ఉంది. కొత్త కోడలుగా ఆమె అత్తగారి ఊరికి కారులో వచ్చింది. వాళ్ల నాయన తనకల్లులో ఒక సావుకారి చెనిక్కాయల మిల్లులో కాటా పట్టేవాడు. నమ్మకస్తుడని సావుకారి మెచ్చుకుని, పిల్ల పెళ్లికి తన కారు పంపించాడు. ఆ రోజుల్లోనే అది పాత కారు. నల్లది. పైన మడిచే గుడ్డ కప్పు, ముందర ఇత్తడి లాంతర్లు, పక్కన కాలు పెట్టి ఎక్కే పలక, నొక్కితే బాతులా అరిచే రబ్బరు బుడగ హారను. ఈ కథ పెద్దక్క పెళ్లిళ్లలో చెప్పింది, పురుళ్లలో చెప్పింది, చివరికి సావులకు పోయినప్పుడు కూడా కాస్త ఏడుపు తెరిపి ఇస్తే చెప్పింది. ఫోటో లేదు. ఆ కారు ఎప్పుడో తుక్కుకు పోయింది. ఆ పెళ్లి చూసినవాళ్లలో బతికున్నది ఒక్కతే, పెద్దక్క ఆడబిడ్డ లక్ష్మీనరసమ్మ. అదే వచ్చిన చిక్కు.

మద్దిలేటి కూతురు మహేశ్వరికి ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో ఇచ్చారు. ఆ పిల్లకు కొడుకు పుట్టాడు. నామకరణం నాడు కొత్త వియ్యాలవారి ముందు పెద్దక్క యథాప్రకారం కారెక్కింది. కథ లాంతర్ల దాకా వచ్చిందో లేదో, పక్క విస్తరి ముందు కూర్చున్న లక్ష్మీనరసమ్మ ఓళిగ నములుతూ అందుకుంది.

"కారంట కారు! ఎద్దులను నేను నా కండ్లతో చూసినా. ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. ఎద్దులబండిలో వచ్చి కారని ఎచ్చులు పోతాది మా వదిన."

పంక్తి పంక్తంతా గొల్లుమంది. ధర్మవరం వాళ్లు మరీ నవ్వారు. కొత్త చుట్టాలు కదా, ఎక్కడ నవ్వాలో ఇంకా తెలియదు. పెద్దక్క విస్తరి మడిచింది. లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది.

అంతే. ఆ రోజు నుంచి ఇంట్లో మాట ఆగిపోయింది. కూతురు అడిగితే ఊఁ, ఆఁ. అల్లుడి పని మీద ఒక్క వంక లేదు. మొదటి వారం మద్దిలేటి సంతోషించాడు. రెండో వారం చిత్రిక పడుతూ మధ్యమధ్య ఆపి చెవి ఒగ్గాడు. మూడో వారం కావాలనే ఒక స్టూలు వంకరగా చేసి, వంటింటి వాకిలికి ఎదురుగా పెట్టాడు. స్టూలు అలా వాలి నిలబడింది. లోపలి నుంచి చడీచప్పుడు లేదు. మద్దిలేటికి భయమేసింది. ఆ ముసలమ్మ గొంతు వినపడకపోతే తనకు చేతులు ఆడవని అతనికి అప్పుడు తెలిసింది. ఆ సంగతి ఎవరికి చెప్పుకుంటాడు? అత్త తిట్టడం లేదని దిగులు పడే అల్లుణ్ని ఊరు ఊరంతా వచ్చి చూసిపోతుంది.

"అంజనమ్మా," అన్నాడు ఒకనాడు సంగటి ముద్ద ముందు కూర్చుని, "ఆ కారు నేను చేస్తా."

"ఏ కారు?"

"మీ అమ్మ ఎక్కొచ్చిన కారు. కట్టెతో."

"తిక్క గాని పట్టిందా నీకు? బొమ్మ చేస్తే సాక్ష్యమైతాదా?"

"కంటికి కనపడకనే గదా మీ మేనత్త ఎద్దులంటాంది. కారును తెచ్చి ముందర పెడితే ఇంకేమంటాది? మనమడి పుట్టెంట్రుకలకు అందరూ వస్తారు. అందరి ముందర పెడదాం."

ఈ లెక్కలో తప్పు ఎక్కడుందో అంజనమ్మకు తెలుసు. మొగుడితో వాదించి గెలిచిన చరిత్ర మాత్రం లేదు గనక, ఇంకొంచెం పప్పు వడ్డించింది.

రంపం, బాడిసె పట్టుకుని అరచేతంత కారు తలుపులు కోయడం కుదిరే పని కాదు. అనంతపురంలో మద్దిలేటికి తెలిసిన తిప్పేష్ అనే అతను ఇళ్ల ముందు తగిలించే కట్టె అక్షరాలు కోసేవాడు. ఈమధ్య కంప్యూటరుతో కోసే యంత్రం తెచ్చుకున్నాడు. పాత సన్నరంపం మిషను దుకాణం మూలన పడి ఉంది. చూడ్డానికి కుట్టుమిషనుకు దూరపు చుట్టంలా ఉంటుంది. సూది ఉండాల్సిన చోట వెంట్రుకంత రంపపు బ్లేడు నిలువునా బిగించి ఉంటుంది. కరెంటు పెడితే ఆ బ్లేడు పైకీ కిందికీ గిలగిలా ఆడుతుంది.

"తీసకపోన్నా, మూలన ఉండే బదులు నీకన్నా పనికొస్తాది," అన్నాడు తిప్పేష్. "అయితే ఒకటి. దీంతో బలం పనికిరాదు. రంపం ఉన్నచోటనే ఉంటాది. నువ్వు కట్టెను తిప్పుకోవల్ల."

మద్దిలేటి నమ్మలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అతనికి తెలిసింది ఒకటే: కట్టె కదలకుండా పడుంటుంది, రంపం పరుగెత్తుతుంది. రంపం నిలబడి కట్టె తిరగడమేంది? పెళ్లికొడుకు కూర్చుని ఉంటే పెళ్లిపందిరి చుట్టూ తిరిగినట్టు! ఇంటికి తెచ్చి, పాత తలుపు టేకు చెక్క పెట్టి, వేపమాను కోసే బలంతో తోశాడు. టప్పుమని బ్లేడు తెగింది. ఇంకోటి పెట్టాడు. టప్. మధ్యాహ్నానికి అంజనమ్మ లోపలి నుంచి కేకేసింది.

"పొద్దున నుంచి టప్పు టప్పుమంటాండాది, ఏమయ్యా, చెనిక్కాయలు గాని ఒలుస్తాండావా?"

తిప్పేష్ ఇచ్చిన బ్లేళ్లన్నీ అయిపోయాయి. మళ్లీ అనంతపురం పోయి, తల వంచుకుని, ఇంకా కొన్ని తెచ్చుకున్నాడు. ఈసారి రెండు వేళ్లతో, పసిపిల్లాడి తల పట్టుకున్నట్టు కట్టెను పట్టుకుని మెల్లగా తిప్పాడు. బ్లేడు తెగలేదు. గీత వెంబడి రంపం తనంతట తానే నడిచింది. కారు కిటికీ కోయాలంటే ముందు చెక్కకు చిన్న బొక్క పెట్టి, బ్లేడు ఊడదీసి, ఆ బొక్కలోంచి దూర్చి, మళ్లీ బిగించాలి. దానికి అంజనమ్మ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. అవి దగ్గరి చూపువో దూరం చూపువో ఇద్దరికీ తెలియదు గాని, పని నడిచింది.

మొదటి కారు తన బుర్రలోంచే చేశాడు. అత్తను అడుగుదామంటే ఆమె ఎవరితోనూ మాట్లాడటం లేదాయె. నాలుగు పలకలు, నాలుగు చక్రాలు, పైన ఒక మూత. దాన్ని తీసుకెళ్లి వంటింటి వాకిట్లో పెట్టి, పంచలోకి వచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. కాసేపటికి పీట జరిగిన చప్పుడు. ఆ తర్వాత నాలుగు గోడలు దాటే గొంతు.

"అంజనమ్మా! అది కారా, పాడెనా? అడుగు ఆయప్పను!"

మద్దిలేటి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఇక మొదలైంది. పెద్దక్క లోపల, మద్దిలేటి బయట, నడుమ చేటలో బియ్యం ఏరుకుంటూ అంజనమ్మ.

"మూతి పొడుగ్గా ఉండేదని చెప్పు."

"ఎంత పొడుగో అడుగు."

"నిండు మనిషి కాళ్లు చాపి కూర్చుంటే ఎంతుంటాడో అంత. కిందికి వాలేది కాదు, తలెత్తుకుని ఉండేదని చెప్పు. దాని ముందర ఇనుప జాలీ, జాలీ పైన చిన్న మూత, ఆ మూత తీసి నీళ్లు పోసేటోళ్లని చెప్పు."

"మీ ఇద్దరికీ చెవులు ఉండాయి గదా," అంది అంజనమ్మ. "నేనేమన్నా టెలిఫోను తీగనా?"

ఇద్దరూ ఆ మాట విననట్టే ఊరుకున్నారు. మర్యాదలో దీనికి జవాబు లేదు. అంజనమ్మ కూడా తక్కువది కాదు. మరుసటి రోజు నుంచి మాటలు కత్తిరించడం మొదలుపెట్టింది. తల్లి చెప్పిన పురాణమంతా వినేసి, "పొడుగంట" అనేది. చెవిన పడ్డది ఎంతున్నా, అంజనమ్మ అన్నదే లెక్క అన్నది మద్దిలేటి పట్టిన పట్టు. పద్ధతంటే పద్ధతే! పొడుగు అన్నారని పొడుగే చేశాడు. కారు ముందుకు వాలిపోయి ముక్కు నేలకు ఆనించింది.

"ఏంది ఆ మూతి? నీళ్లు తాగను గాని వంగిందా?" అంది లోపలి గొంతు. ఆ మూతి పొయ్యిలోకి పోయింది.

అంజనమ్మ చేలో కలుపుకు పోయిన రోజుల్లో మాట మోసే దిక్కు లేక పని ఆగిపోయేది. రెండు రోజులు ఓర్చుకున్నారు. మూడో రోజు పెద్దక్క పంచ గుంజకు కట్టేసిన మేకను పట్టుకుంది.

"ఏమే మేకా, చక్రాల మీద రేకు ఎట్లుండెనో తెలుసునా? ఏనుగు చెవి మాదిరి కిందికి వాలి ఉండె. విన్నావా?"

మేక నెమరు వేసింది. మద్దిలేటి చేతిలోని చిత్రికతో అన్నాడు.

"ఏనుగు చెవంటే ఇప్పుడు తెలిసె. పక్కన కాలు పెట్టే పలక వెడల్పెంతో ఎవురికన్నా గుర్తుండాదో లేదో."

"మేకా, పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, కొత్త మెట్టెలతో కాలు పెడితే పట్టేంత వెడల్పు."

నిజం చెప్పాలంటే అంజనమ్మ కన్నా ఆ మేకే నయం. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట కలపలేదు. మధ్యవర్తి అంటే అలా ఉండాలి. కాకపోతే సాయంత్రం తాడు తెంచుకుని, ఏనుగు చెవి గీసి పెట్టుకున్న అట్టముక్కను తినేసింది.

ఒక్క విషయంలో మాత్రం పెద్దక్క సరిగ్గా జవాబు ఇచ్చేది కాదు. "ఇంజను సప్పుడు ఎట్లుండెనో, ఊర్లోకి ఎంత జోరుగా వచ్చెనో" అని మద్దిలేటి చిత్రికను అడిగితే, "మేకా, నాకు నిద్రొస్తాండాది" అని లోపలికి పోయేది. వయసు మీద పడింది, పాపం అనుకున్నాడు అతను.

అన్నిటికన్నా పెద్ద రభస తలుపుల దగ్గర జరిగింది. మద్దిలేటి జీవితమంతా చేసింది తలుపులే. కారుకు రెండు తలుపులు కోసి, బుల్లి మడతబందులు వేసి బిగించాడు. బంగారంలా కుదిరాయి. వేలితో తోస్తే లోపలికి తెరుచుకున్నాయి. తలుపు కింద సన్నటి గడప కూడా పెట్టాడు. కావాలని కాదు, చేతికి అలవాటు. అంజనమ్మ అటు పోతూ ఆ గడప చూసి, ఒక క్షణం ఆగి, చిటికెడు పసుపు రాసి పోయింది. అది కూడా అలవాటే.

"అంజనమ్మా!" ఇల్లు అదిరింది. "కారు తలుపు లోపలికి తెరుస్తారా యాడన్నా? తలుపు లోపలికి వస్తే పెండ్లికూతురు యాడ కూర్చోవల్ల? తలుపును వడిలో పెట్టుకుని కూర్చోవల్లనా?"

"తలుపు లోపలికి తెరిస్తేనే లక్ష్మి లోపలికి వస్తాదని చెప్పు!" మద్దిలేటికి కూడా రోషం వచ్చింది. "బయటికి తెరిచే తలుపు నా చేతితో ఇంతవరకు చేయలేదని చెప్పు!"

"లక్ష్మి వచ్చేది ఇంట్లోకి, కార్లోకి కాదని చెప్పు!"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు..." అని మొదలుపెట్టి, ఆడలేకపోయింది తానేనని తట్టి మద్దిలేటి నోరు మూసుకున్నాడు. రెండు రోజులు అలిగి, మూడో రోజు బందులు ఊడదీసి తలుపులు బయటికి తెరిచేలా బిగించాడు. గడప మాత్రం జిగురుతో అతుక్కుపోయి రాలేదు. "ఉండనీలే అని చెప్పు. కారుకు మాత్రం ఒక మర్యాద వద్దా?" అని ఆ ఒక్కటీ వదిలేసింది పెద్దక్క.

కారు పూర్తయింది. చేట అంత పొడుగు. నల్లటి వార్నీషు. చిరిగిన గొడుగు గుడ్డతో మడిచే కప్పు. చక్రాలకు సన్నరంపంతో కోసిన ఊచల్లాంటి ఆకులు, ఒక్కొక్కటి అగ్గిపుల్లంత. వేలితో తోస్తే కారు పంచ ఈ చివర నుంచి ఆ చివరకు చప్పుడు లేకుండా పోయేది. ఒక మధ్యాహ్నం మద్దిలేటి బజారు నుంచి వస్తూ వాకిట్లోనే ఆగిపోయాడు. పంచలో ఎవరూ లేరనుకుని పెద్దక్క కారు ముందు చతికిలబడి ఉంది. ఒక తలుపు తెరిచింది, లోపలికి చూసింది, మూసింది. మళ్లీ తెరిచింది. ఆ ముసలి ముఖంలో పదహారేళ్ల పిల్ల కనపడింది అతనికి. మనిషికి కడుపు నిండిపోయింది. దగ్గకుండా, అడుగు చప్పుడు కాకుండా వెనక్కి తిరిగి, ఇంకో రెండు వీధులు తిరిగి వచ్చాడు. ఇక ఈ కారును చూసి కూడా ఎవరైనా నవ్వితే ఊరుకునేది లేదనుకున్నాడు.

మనవడి పుట్టువెంట్రుకలు తీయించే రోజు వచ్చింది. వాకిట్లో పందిరి, పందిరి పక్కన మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గుండిగ, కింద భగభగ మండే తుమ్మ మొద్దులు. పిల్లాడు గుండుతో, కొత్త చొక్కాతో, ఎవరు ఎత్తుకుంటే వాళ్ల మీద ఏడుస్తున్నాడు. పంచ నడుమ ఎత్తుపీట మీద కారు. మహేశ్వరి దానికి కనకాంబరాల దండ కూడా వేసింది. ధర్మవరం వియ్యంకుడు లక్ష్మీపతి కారు తలుపు తీసి, వేసి, "మా మగ్గంలో కూడా ఇంత సన్నపు పని లేదు" అన్నాడు. పెద్దక్క వంటింటి వాకిలి వెనక నిలబడి అంతా వింటోంది.

లక్ష్మీనరసమ్మ వచ్చింది. వరుసకు ఈమె మద్దిలేటికి చిన్నమ్మ అవుతుంది, అత్త కాదు. అందుకని ఈమెకు ఏ అడ్డూ లేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగింది, చక్రం తిప్పి చూసింది.

"బొమ్మ బాగుండాదప్పా మద్దిలేటీ. చేయి తిరిగినోడివి. అయితే మా వదిన వచ్చింది మాత్రం దీంట్లో కాదు. ఎద్దులు నేను చూసినా."

మళ్లీ నవ్వు. పందిరి కింద ఆ చివర నుంచి ఈ చివర దాకా.

మద్దిలేటి లేచి నిలబడ్డాడు. మాట తక్కువ మనిషి అన్నాను కదా. ఆ రోజు ఇన్నేళ్ల మాటలూ ఒక్కసారే వచ్చాయి.

"చిన్నమ్మా! మా అత్త నా పనికి పెట్టని వంక లేదు. నా తలుపును తిట్టింది, నా పీటను తిట్టింది, ఈ కారును మూడుమార్లు విప్పించింది. ఆమె అన్న ప్రతి మాటా నిజమే. వంకర అంటే వంకరే ఉండె, ఎగుడుదిగుడంటే ఎగుడుదిగుడే ఉండె. అట్లాంటి మనిషి కారు మాట అబద్ధం చెప్తాదా? ఆ పొద్దు ఎద్దులు గాని ఉండెనని తేలితే, ఇదో, ఈ కారును నా చేత్తోనే ఆ పొయ్యిలో పెడతా!"

మద్దిలేటి మొండితనం తెలిసినవాళ్లు పొయ్యి వైపు చూశారు.

అప్పుడు వంటింటి వాకిట్లోంచి పెద్దక్క బయటికి వచ్చింది.

"అమ్మా, ఆయప్ప ఈడనే ఉండాడు!" అంది అంజనమ్మ కంగారుగా, అలవాటు కొద్దీ.

"నాకు కండ్లు లేవా? తొలుగు." పెద్దక్క నేరుగా వచ్చి అల్లుడి ఎదురుగా నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుంది గాని, ముఖం దించుకోలేదు. "మద్దిలేటీ," అంది.

ఆ నోట తన పేరు అతను ఇంతవరకు వినలేదు.

"ఆ మాట వెనక్కి తీసుకోప్పా. ఎద్దులు ఉండె."

లక్ష్మీనరసమ్మ "చూసిరా!" అనబోయింది. పెద్దక్క చెయ్యెత్తి ఆపింది.

"కారూ ఉండె, ఎద్దులూ ఉండె. తనకల్లు నుంచి బాగనే వచ్చె కారు. ఊరిముందర వంక ఉండె గదా, దాంట్లో నీళ్లు ఎప్పుడన్నా ఉండెనా? ఇసకే. ఆ ఇసకలో దిగబడె. డ్రైవరు హ్యాండిలేసి తిప్పె, తిప్పె. పొగ వచ్చె, నిలిచిపాయ. అప్పుడు మా మామ చేలో నుంచి ఎద్దులను తోలుకొచ్చి కారుకు కట్టె. ఊర్లోకి ఎద్దులే గుంజుకొచ్చె. నన్ను దిగమనిరి. నేను దిగలేదప్పా. కారులో పోతాండానని మా ఊర్లో అందరికీ చెప్పి వస్తిని, ఎట్ల దిగుదు? ఎద్దుల మాట చెప్తే, కారు మాట ఎవరు వింటారు? అందరూ ఎద్దులనే చెప్పుకుని నవ్వుతారు. అందుకే ఆ ఒక్కటి మింగుకుంటి. నువ్వు నా కోసరం ఒట్టు పెట్టుకుంటే మింగుకునేకి కాలేదు."

పందిరి కింద ఎవరూ నవ్వలేదు. లక్ష్మీనరసమ్మ కారు దగ్గరికి జరిగింది.

"అయితే కారు నిజమేనా వదినా?" అంది. "నాకు ఎనిమిదేండ్లు. దుమ్ము లేసింటే ముందరుండే ఎద్దులే కనపడినాయి. అంతలో మా అమ్మ దిష్టికి ఎర్రనీళ్లు తెమ్మని లోపలికి తరిమె. ఇన్నేండ్లూ... అయ్యో, నువ్వు ఎచ్చులు పోతాండావనే అనుకుంటి గదనే!"

"నువ్వు ఎద్దులంటివి, నేను కారంటిని. ఇద్దరం సగం సగం చెప్తిమి," అంది పెద్దక్క.

ఇక్కడితో అయిపోవలసింది. కానీ లక్ష్మీపతికి నోరు ఊరుకోలేదు. "మరి బావా, ఆ పొయ్యి సంగతి?" అన్నాడు మెల్లగా.

మద్దిలేటి కారు దగ్గరికి నడిచాడు. అన్న మాట అన్న మాటే. అందరి ముందూ అన్నాడు, అనకముందు ఆలోచించాల్సింది. కనకాంబరాల దండ తీసి మహేశ్వరి చేతిలో పెట్టి, కారును రెండు చేతులా ఎత్తుకున్నాడు. చేట అంత కారు గుండెకు బరువుగా తగిలింది. "నాయనా, వద్దు నాయనా!" అని కూతురు అరుస్తున్నా పొయ్యి వైపు నడిచాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా?

లక్ష్మీనరసమ్మ పరుగు లాంటి నడకతో వచ్చి అడ్డం నిలబడింది.

"యాడికప్పా పోయేది? దాన్ని కాల్చేస్తే నా ఎద్దులు దేన్ని గుంజల్ల?"

పందిరి విరిగిపడేలా నవ్వారు. ఈసారి అందరికన్నా పెద్దగా నవ్వింది పెద్దక్క. నవ్వి, కళ్లు తుడుచుకుని, "ఆడ పీట మీద పెట్టప్పా," అంది అల్లుడితో. "రేపు ఎద్దులు మొదలుపెట్టు. తెల్లది కుడిపక్క."

"ఎడమపక్క!" అంది లక్ష్మీనరసమ్మ.

"కార్లో కూర్చున్నది నేనా, నువ్వా?"

"ఎదురుగా నిలబడి చూసింది నేను!"

మద్దిలేటి కారును పీట మీద దించాడు. అప్పుడే బుర్రలో కట్టె ముక్కలు వెతుక్కుంటున్నాడు: తెల్లెద్దుకు వేప, ఎర్రెద్దుకు టేకు. ఒక సందేహం వచ్చింది. అలవాటుగా పెళ్లాం వైపు తిరిగి, "కొమ్ములు ఎట్లుండెనో..." అని మొదలుపెట్టాడు.

"నన్నెందుకు చూస్తావు?" అంది అంజనమ్మ. "మనిషి నీ ముందరనే ఉండాది. ఆమెనే అడుగు."

మద్దిలేటి చిత్రిక కోసం చూశాడు. అది పంచ మూలన ఎక్కడో ఉంది.

"అత్తా," అన్నాడు. ఆమె వైపు తిరిగి ఇంకోసారి అన్నాడు. "అత్తా, కొమ్ములు నిలువుగా ఉండెనా, పక్కకు వాలి ఉండెనా?"

పెద్దక్క కొంగు జారిపోతున్నా పట్టించుకోకుండా, రెండు చేతులూ తల మీదికెత్తి చూపించింది.